రేకుకీ రబ్బరుకీ మధ్య వేలెడు సందు

జూబ్లీహిల్స్‌లో పొద్దుటి నడకకు వెళ్లినప్పుడు నాకొక పాడు అలవాటు ఉంది. రోడ్డు పక్కన ఖరీదైన కారు ఆగి కనిపిస్తే, దాని ముందు చక్రం దగ్గర వంగి, టైరుకీ పైనున్న రేకుకీ మధ్య నా చూపుడు వేలు దూర్చి చూస్తాను. మొన్న ఒక ఇంటి వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి వచ్చాడు.

"ఏం సార్, గాలి తీస్తున్నరా?"

"లేదయ్యా. సందు ఎంతుందో కొలుస్తున్నాను."

"కొలిచి?"

వేలికంటిన మట్టి దులుపుకుని నడుచుకుంటూ వచ్చేశాను. అంత సూటి ప్రశ్న, ముప్పై ఏళ్ల పత్రిక ఉద్యోగంలో నేను ఎవరినీ అడిగినట్టు గుర్తులేదు.

కొత్తగా విలేకరులైన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ఎన్నికల గురించి, పెద్దవాళ్లతో నా పరిచయాల గురించి చెప్పమంటారు. వాళ్లకు పనికొచ్చేది నా దగ్గర ఒక్కటే ఉంది, అది టైర్ల సంగతి. మొదలుపెట్టగానే మర్యాదగా టీ తాగేసి లేస్తారు. అందుకే రాస్తున్నాను. రాస్తే కనీసం ఎవరు ఎక్కడ లేచి వెళ్లారో నాకు తెలియదు.

ఎనభైల చివర్లో నేను మా దినపత్రికకు సినిమా వార్తలు రాసేవాణ్ని. అప్పటికి కొండ మీద ఇళ్లకంటే బండలే ఎక్కువ. ఫిల్మ్‌నగర్‌లో ప్లాట్లు గీశారు కానీ చాలా వాటిలో తుమ్మచెట్లే కాపురముండేవి. రోడ్లు ఖాళీగా ఉండేవి కాబట్టి కార్ల ఛేజింగులన్నీ అక్కడే తీసేవారు. రోజూ పదింటికి స్కూటర్ మీద కొండెక్కి, ఎవరి సినిమా ఎక్కడ జరుగుతోందో చూసి, సాయంత్రానికి ఆఫీసుకు చేరి అదే మూడు రకాల వాక్యాల్లో రాసి పడేసేవాణ్ని. అప్పటికే అలసిపోయి ఉన్నాను. హీరో కొత్త తరహా పాత్రలో కనిపిస్తాడని ఒకే హీరో గురించి నలభై సార్లు రాస్తే ఎవరైనా అలసిపోతారు.

ఆ విసుగులోంచి ఒక ఆలోచన వచ్చింది. తెర మీద కనిపించని పనివాళ్ల గురించి ఆదివారం సంచికలో రాద్దామనుకున్నాను. మొదటి మనిషిగా ఒక మెకానిక్‌ను ఎంచుకున్నాను.

అతని షెడ్డు యూసుఫ్‌గూడలో, ఇల్లు రహమత్ నగర్‌లో. నలభై ఐదేళ్లుంటాయి. అందరూ ఉస్తాద్ అనేవారు. సికింద్రాబాద్ లారీ షెడ్లలో పని నేర్చుకున్నాడు. తెలుగు, ఉర్దూ చదువుతాడు. ఇంగ్లీషులో అంకెలు తప్ప అక్షరాలు రావు. సినిమా కంపెనీల జీపులూ అంబాసిడర్లూ ఏవైనా మొండికేస్తే కబురు అతనికే వచ్చేది. కానీ పని ఉన్నప్పుడే పిలుపు. మిగతా రోజుల్లో ఆటోల బ్రేకులు చూసుకోవాలి.

నేను వెళ్లేసరికి అతని షెడ్డు ముందు ఒక ఎర్ర కారు నిలబడి ఉంది. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే విదేశీ స్పోర్ట్స్ కారు. దాని యజమాని ఏడాదిలో సగం బయటి దేశాల్లో ఉండే వ్యాపారి. సినిమా కోసం మూడు వారాలు అద్దెకిచ్చాడు. పాత చక్రాలు భద్రంగా దాచి తిరిగి బిగించి ఇవ్వాలన్నది ఒక్కటే అతని షరతు. ఎందుకంటే, ఆ కారు పాత చక్రాలు దర్శకుడికి నచ్చలేదు.

"బక్కకాళ్లండీ దీనికి," అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్. గోదావరి వైపు మనిషి. షూటింగులో మంచినీళ్ల దగ్గర్నుంచి ఏనుగుల దాకా అన్నీ తెచ్చిపెట్టేవాడు. "పైన పహిల్వాన్, కింద సైకిలు. పోస్టర్‌లో చక్రం కనపడాలండీ. టైరు ఇంత లావుండాలి." రెండు చేతులూ చాచి, గుమ్మడికాయ కొలత చూపించాడు.

ఆ పని ఉస్తాద్‌కు అప్పగించాడు. ఇది సవ్యంగా చేస్తే కంపెనీ బళ్లన్నీ ఏడాది పొడవునా అతనికే ఇస్తానని కూడా చెప్పాడు. ఉస్తాద్‌కు అది చిన్న మాట కాదు. వానొస్తే కారే రేకుల కింద పదిహేనేళ్లు పనిచేశాడు. స్టూడియో గోడ వెనక సిమెంటు గచ్చున్న చోటు ఒకటి చూసి పెట్టుకున్నాడు. నన్ను తీసుకెళ్లి చూపించాడు కూడా. "గీడ బండి, గీడ సామాను, గీడ నా కుర్చీ," అని అడుగులు వేసి కొలిచాడు. కుర్చీ చోటు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడ్డాడు.

టైరు గోడ మీద మూడు అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది శాతం: వెడల్పులో ఎన్నో వంతు ఎత్తు అని. మూడోది లోపలి ఇనుప రిమ్ము అడ్డుకొలత, అంగుళాల్లో. ఒకే వరుసలో మూడు రకాల లెక్కలు. నాకది మా ఆఫీసులాగే అనిపించింది. ఉస్తాద్ ఇలా చెప్పాడు: "వెడల్పు పెంచితే వెడల్పే పెరుగుతదనుకుంటరు సార్. అరవై శాతం అన్నడు గద, ఎత్తు గుడ లేస్తది. అడ్డం పెరిగినోడు నిలువు గుడ పెరుగుతడు. గప్పుడు తల తలుపుకు తగుల్తది."

ఇక్కడ తల అంటే టైరు అంచు, తలుపంటే మడ్‌గార్డు రేకు. కారు వంపు తిరిగినా, గుంటలో దిగినా చక్రం పైకి లేచి ఆ రేకు దగ్గరకు వస్తుంది. మధ్యలో వేలెడు సందైనా మిగలాలి.

మేనేజర్ నాలుగేసి చక్రాల జతలు రెండు తెప్పించాడు. కారుకు ఉన్నవి నూట అరవై ఐదు వెడల్పు, పదమూడు అంగుళాల రిమ్ము. వచ్చినవి పద్నాలుగు అంగుళాల రిమ్ములవి. ఒక జత నూట ఎనభై ఐదు, రెండోది రెండు వందల ఐదు. బోల్టుల వరస రెండింటికీ సరిపోయింది. ఉస్తాద్ చిన్న జత వైపు ఉన్నాడు. మేనేజర్ పెద్ద జత వైపు. దర్శకుడు ఇంకా పెద్దది లేదా అన్నాడు.

సందు కొలవడానికి ఉస్తాద్ దగ్గర ఒక పద్ధతి ఉంది. నేను అతని గురించి రాయాలనుకోవడానికి కారణమే అది. ఇంటి నుంచి చపాతీ పిండి ముద్ద తెచ్చుకునేవాడు. దాన్ని మడ్‌గార్డు లోపలి అంచుకు నాలుగైదు చోట్ల అంటించి, చక్రం బిగించి, కార్లో ఇసుక బస్తాలు వేసి, స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిప్పించేవాడు. తర్వాత పిండి ఊడదీసి, ఎంత నలిగిందో వేళ్ల మధ్య పట్టుకుని చూసేవాడు. రొట్టె మందం మిగిలితే సరే. అప్పడంలా అయితే ఆ చక్రం వద్దు.

"బస్తాలు ఎందుకు?" అని అడిగాను.

"ఖాళీ బండికి కొలత తీసుడంటే ఉపాసమున్నోనికి అంగి కుట్టినట్టు సార్. తిన్నంక గుండీలు తెగుతయి."

ఇంట్లో అతని భార్య మాత్రం సణిగేదట. "దినాం నాలుగు రొట్టెలు కార్లే తింటున్నయి," అని.

నేను ఇదంతా ఇష్టంగా రాసుకున్నాను. మా ఫొటోగ్రాఫర్ పిండి ముద్దతో అతన్ని ఫొటో కూడా తీశాడు. అన్నీ అమరాయి. అప్పుడు ఉస్తాద్ నన్నొకటి అడిగాడు.

"సార్, మీ ఆఫీసుల ఇంగ్లీషు పుస్తకాలుంటయి గద. గీ కారు ముచ్చట ఏ దాంట్లనన్న ఉంటే జర చూస్తరా? కారు చేసిన కంపెనోడు ఏ సైజు వరకు ఒప్పుకున్నడో ఎరకైతే మంచిగుంటది."

ఎవరైనా నన్ను పనికొచ్చే సహాయం అడిగి చాలా రోజులైంది. మర్నాడే ఆఫీసు లైబ్రరీలో కూర్చుని పాత కార్ల పత్రికల కట్ట విప్పాను. అదృష్టం, ఆ కారు గురించి నాలుగు పేజీల వ్యాసం దొరికింది. చివర్లో పట్టిక. ఏ రిమ్ముకు ఏ టైరు పడుతుందో వరుసగా ఇచ్చారు. ఆఖరి వరుసలో రెండు వందల ఐదు, అరవై, పద్నాలుగు. దాని పక్కన ఒక చిన్న చుక్క గుర్తు.

చుక్క నేను చూశాను. చూడలేదని ఇన్నేళ్లలో నాకు నేను చాలాసార్లు చెప్పుకోబోయాను కానీ చూశాను. పేజీ అడుగున దాని వివరణ లేదు. ఆకు తిప్పితే ఉండేదేమో. అప్పుడే పక్క బల్ల మీది మిత్రుడు తలుపులోంచి తొంగిచూసి, కాంటీన్‌లో మిర్చి బజ్జీలు అయిపోతున్నాయన్నాడు. టెలిప్రింటర్ కాగితం చించి, పట్టికలోని అంకెలన్నీ నా చక్కటి చేతిరాతతో దించి, లేచాను. చుక్క దించలేదు. అర్థం లేని గుర్తు ఎందుకని.

బజ్జీలు బాగానే ఉన్నాయి. రెండు తిన్నాను.

షెడ్డుకు వెళ్లేసరికి ఉస్తాద్ అప్పటికే పెద్ద చక్రాలు బిగించి ఒక్క డ్రైవర్ బరువుతో పిండి పరీక్ష చేసి ఉన్నాడు. నలిగిన పిండి ముక్క మేనేజర్ ముఖం ముందు పట్టుకుని ఉన్నాడు. అది అప్పడంలా పల్చబడి, వెలుతురు అవతలికి కనిపిస్తోంది.

"చూడుండ్రి సార్. ఒక్క మనిషికే గిట్లయింది. ఇంకొక్కడు కూసుంటే రేకు టైరును గీకుతది. చిన్న జత ఎక్కిద్దం."

"నువ్వు చపాతీలు చేసుకో ఉస్తాదూ, సినిమా మేం తీసుకుంటాం," అన్నాడు మేనేజర్. అప్పుడు నన్ను చూశాడు. "ఏవండీ, పుస్తకం దొరికిందా?"

కాగితం ఇచ్చాను. అతను వేలు కిందికి జరుపుతూ చదివి ఆఖరి వరుస దగ్గర ఆగాడు. ముఖం వికసించింది.

"ఇదిగో. రెండు వందల ఐదు. కారు పుట్టిన దేశంలో అచ్చేసిన పుస్తకమయ్యా. ఇంకేం కావాలి?"

ఉస్తాద్ కాగితం తీసుకున్నాడు. అంకెలు చదవగలడు కాబట్టి చాలాసేపు చదివాడు. తర్వాత నన్నడిగాడు. "నిజంగ గిట్లనే ఉన్నదా సార్?"

"ఉన్నది ఉన్నట్టే రాశాను."

అతను పిండి ముక్క వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు. "పుస్తకం రాసినోళ్లకు నా కంటె తక్వ ఎరకుంటదా," అని తనలో తను అనుకుని, పిండిని ఉండ చేసి జేబులో వేసుకున్నాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. చిన్న జత గోడకు చేరింది.

షాట్ రెండు రోజుల తర్వాత. ఫిల్మ్‌నగర్ దాటాక దిగుడుగా వెళ్లి కుడికి వంపు తిరిగే రోడ్డు. వంపు దగ్గర ఎవరో ఇల్లు కట్టుకోవడానికి కొట్టించిన బండరాళ్ల కుప్ప ఉంది. నాలుగు కొత్త చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించారు. డూప్‌గా నడిపేవాడు మధురానగర్‌లో ఉండే ఫైటర్. హీరో చొక్కా వేసుకుని బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు. "ఈ చొక్కా ఇచ్చినప్పుడల్లా దెబ్బ నాకు, చప్పట్లు ఆయనకు సార్," అని నవ్వాడు.

కెమెరా వెనక జీపులో ఉంటుందనే ఉస్తాద్‌కు చెప్పారు. కానీ ఆ పొద్దున దర్శకుడికి కొత్త ఆలోచన వచ్చింది. అంత కష్టపడి తెచ్చిన చక్రం వంపులో తిరుగుతూ దగ్గరగా కనిపించాలి. దాంతో కారు ముందు ఎడమ వైపు ఇనుప గొట్టాలు, చెక్కలు కట్టారు. వాటి మీద కెమెరా. బానెట్ మీద కెమెరామన్, అతని సహాయకుడు, ఇద్దరినీ తాళ్లతో కట్టారు. ఆ బరువంతా ఎడమ ముందు చక్రం నెత్తిన పడింది.

ఉస్తాద్ జనాన్ని తోసుకుని వచ్చాడు. జేబులోంచి పిండి తీశాడు. ఆ రోజు ఎందుకు తెచ్చుకున్నాడో నాకు తెలియదు. అలవాటు కొద్దీ కావచ్చు.

"సార్, పది నిమిషాలియ్యుండ్రి. వీళ్లు గిట్లనే కూసోని ఉండంగ ఒక్కసారి తిప్పి చూస్త. ఎడమ దిక్కు అంత బరువు పడ్డది. బండి కుడికి తిరిగితే ఇంకింత కూసుంటది."

కెమెరామన్ ఆకాశం వైపు చూసి, మబ్బు వస్తోంది, ఎండ పోతుందన్నాడు. మేనేజర్ అటూ ఇటూ చూసి చివరికి నా దగ్గరకు వచ్చాడు. అతను దుర్మార్గుడు కాదు. ఎవరైనా ఒక మాట చెబితే దాని మీద నిలబడదామనుకునే మనిషి.

"ఏవండీ, మీ పుస్తకంలో మనుషుల బరువు గురించీ, ఇంకేదైనా జాగ్రత్త గురించీ రాశాడా? ఆ సైజు మీద ఏమైనా పేచీ ఉందా?"

అక్కడ యాభై మంది ఉన్నారు. ఒక్క క్షణం ఆ చుక్క కళ్ల ముందు మెదిలింది. తెలియదు, చూసి చెబుతాను అనవచ్చు. కానీ తెలియదనే మాట పత్రికలో ఎవరూ నేర్పరు.

"అలాంటిదేం లేదండీ," అన్నాను.

ఉస్తాద్ పిండి జేబులో పెట్టుకుని పక్కకు జరిగాడు. నేను చెప్పాను కాబట్టే జరిగాడు. ఈ ముక్క నేను చాలాసార్లు వేరేలా జ్ఞాపకం తెచ్చుకోవాలని చూశాను. కుదరలేదు.

రిహార్సల్ నెమ్మదిగా చేశారు. ఏమీ కాలేదు. మేనేజర్ ఉస్తాద్ వైపు చూసి కళ్లెగరేశాడు. టేక్‌లో కారు వేగంగా దిగి వంపు తిరిగింది. ఎడమ వైపు కుంగింది. ముందు ఒక గీకుడు శబ్దం, కొబ్బరి కోరినట్టు. వెంటనే టైరు పేలింది. కారు వంపు వదిలేసి తిన్నగా రాళ్ల కుప్ప మీదికి వెళ్లింది. డూప్ ఆఖరి క్షణంలో స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకుని కుడికి లాగాడు. లేకపోతే బానెట్ మీదున్న ఇద్దరూ నేరుగా రాళ్లకు కొట్టుకునేవారు. వాళ్లు గీరుకుపోయిన చర్మంతో బయటపడ్డారు. స్టీరింగ్ ఎదురు తిరగడంతో అతని కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

అతన్ని జీపులో ఎక్కిస్తుంటే ఉస్తాద్ ఆ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. టైరు పక్క అంచు కత్తితో చెక్కినట్టు లేచిపోయింది. మడ్‌గార్డు అంచుకు నల్లటి రబ్బరు పొడి అంటుకుని ఉంది. మేనేజర్ వచ్చి అతని మీద నిలబడ్డాడు.

"చేతిలో పని పెడితే మనుషుల్ని చంపేసేవాడివయ్యా. బిగించింది నువ్వే కదా?"

"నేనే బిగించిన," అన్నాడు ఉస్తాద్. అతని చొక్కా జేబులో నా కాగితం ఉందని నాకు తెలుసు. అతని చెయ్యి జేబు దాకా వెళ్తుందేమోనని చూస్తూ నిలబడ్డాను. వెళ్లలేదు.

ఆఫీసుకు వెళ్లి ముందు లైబ్రరీకే వెళ్లాను. ఆ పత్రిక తీశాను. ఈసారి ఆకు తిప్పాను. అవతలి పేజీ అడుగున చీమంత అక్షరాల్లో ఒక్క వాక్యం: చుక్క ఉన్న సైజు, మడ్‌గార్డులు వెడల్పు చేసిన మోడల్‌కు మాత్రమే. మన ఎర్రకారు ఆ మోడల్ కాదు. చూడగానే తెలుస్తుంది.

పత్రిక మూసి, కట్టలో ఎక్కడిదక్కడ పెట్టి, నా బల్ల దగ్గరకు వచ్చి వార్త రాశాను. షూటింగులో ప్రమాదం, ఒక ఫైటర్‌కు గాయాలు, మరో ఇద్దరికి స్వల్పంగా. చదివి చీఫ్ సబ్ ఎడిటర్ కారణమేంటి అన్నాడు. చివర ఒక వాక్యం కలిపాను: "చక్రాలు అమర్చడంలో మెకానిక్ నిర్లక్ష్యమే ప్రమాదానికి కారణమని తెలుస్తోంది."

ఎవరికి తెలుస్తోంది? మేనేజర్ అన్నాడు, యూనిట్‌లో అందరూ అన్నారు. నేను కొత్తగా ఏమీ కల్పించలేదు. మా పత్రిక ప్రమాణాల ప్రకారం ఆ వాక్యంలో తప్పు లేదు. మర్నాడు అది మూడో పేజీలో, ఒక చీరల ప్రకటన పక్కన వచ్చింది.

ఆసుపత్రిలో డూప్‌ను చూడడానికి వెళ్తే దిండు కింద నుంచి పేపరు తీశాడు. "అంతా రాశారు సార్, నా పేరు రాయలేదేంటి?" అన్నాడు. ఇరవై సినిమాలు చేశాడట, ఒక్కసారైనా పేరు పడలేదట. ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా తిరగలేదు. తర్వాత డ్రైవింగ్ స్కూల్లో జనానికి నడపడం నేర్పాడు. నిదానంగా పోనివ్వండి అని చెప్పే ఉద్యోగం.

ఉస్తాద్‌కు సినిమా కంపెనీల పిలుపులు ఆగిపోయాయి. ఒక్క కంపెనీవే కాదు, అన్నీ. పేపర్లో పడింది కదా. పేపర్లో అతని పేరు లేదు కానీ కొండ మీద ఆ పని చేసే ఉస్తాద్ ఒక్కడే, పేరు అవసరం లేదు. సిమెంటు గచ్చు చోటులో ఇంకెవరో కుర్చీ వేసుకున్నారు. యూసుఫ్‌గూడ షెడ్డు కూడా వదిలేసి రహమత్ నగర్ సందులోకి వెళ్లాడని, ఆటోల పంక్చర్లు వేస్తున్నాడని విన్నాను. నేను మాత్రం ఆఫీసు నుంచి కొండకు వెళ్లే దారి మార్చుకున్నాను. మధురానగర్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లేవాణ్ని. పెట్రోలు ఎక్కువయ్యేది. అడిగినవాళ్లకు అటు రోడ్డు బాగుంటుందని చెప్పేవాణ్ని. బాగుండేది కాదు.

మూడు వారాల తర్వాత నాలుగు వాక్యాల సవరణ రాసి చీఫ్ సబ్ ముందు పెట్టాను. ఆయన కళ్లజోడు పైకి తోసి చదివాడు.

"ఎవరైనా పోయారా?"

"లేదండీ."

"కేసేమైనా?"

"లేదు."

"మరెందుకయ్యా? వార్త చదవనివాడు కూడా సవరణ చదువుతాడు. నీ పరువూ పోతుంది, నాదీ పోతుంది. ఇంటికెళ్లి పడుకో."

ఆయన తిరస్కరించినందుకు నేను గట్టిగా వాదించాల్సింది. వాదించలేదు. ఒళ్లంతా తేలికైంది. పిల్లలారా, చుక్కను వదిలేయడం పొరపాటు. అందరి ముందూ ఏం లేదండీ అనడం గొప్పలకు పోవడం. వార్తలో ఆ వాక్యం పిరికితనం. ఈ మూడింటినీ ఎలాగో మొయ్యవచ్చు. ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే కలిగిన ఆ తేలికదనం మాత్రం నాకు ఇప్పటికీ బరువే. ఆదివారం సంచికకు రాసిన వ్యాసం అచ్చు కాలేదు. పిండి ముద్దతో తీసిన ఫొటో ఫైల్లోనే ఉండిపోయింది.

ఆరేడేళ్లు గడిచాయి. తొంభైల మధ్యకు వచ్చేసరికి కొండ మీద బండలు తగ్గి మేడలు పెరిగాయి. బయటి దేశాల కార్లు దిగసాగాయి. వాటికి వెడల్పు చక్రాలు వేయించడం కుర్రాళ్లకు సరదా అయింది. దాని మీద ఒక వ్యాసం రాయమన్నారు. జూబ్లీహిల్స్‌లో ఒక కుర్రాణ్ని ఎక్కడ వేయిస్తారని అడిగితే, "అద్దాల తలుపుల పెద్ద షాపులు చాలా ఉన్నాయి అంకుల్. కానీ సైజు మాత్రం రహమత్ నగర్‌లో ఒకాయన్ని అడిగే కొంటాం. చపాతీ పిండి పెట్టి చెప్తాడు. ఇప్పుడు అక్కడికే వెళ్తున్నా, రండి," అన్నాడు.

ఎక్కనని అనడానికి కారణం వెతికాను. దొరకలేదు. ఎక్కాను.

సందులో కారు పట్టేంత చోటే ఉంది. పైన రేకులే. ఉస్తాద్ జుట్టు నెరిసింది. నన్ను చూసి తెల్లబోలేదు. స్టూలు తుడిచి వేశాడు.

"రాండ్రి సార్. శానా దినాలకు. చాయ్ తాగుతరా?"

తాగుతానన్నాను. కుర్రాడు కొత్త చక్రాల తాలూకు ఇంగ్లీషు పుస్తకం తెచ్చాడు. ఉస్తాద్ దాన్ని అతని చేతిలోంచి తీసుకుని నా ఒళ్లో పెట్టాడు.

"మీరొచ్చిండ్రు, మంచిగైంది. గీ సైజు గీ బండికి పడుతదా, జర సదివి చెప్పుండ్రి."

కళ్లజోడు పెట్టుకుని, వరుస వెతికి, అంకెలు పైకి చదివాను.

"కింద సన్న అక్షరాలున్నయి గద. అవి గుడ."

చదివాను.

"ఆకు తిప్పి అవతల దిక్కు గుడ సదువుండ్రి."

ఆకు తిప్పి అదీ చదివాను. కుర్రాడు ఫోను చేసుకోవాలని మూల దుకాణానికి వెళ్లేదాకా కూర్చున్నాను. తర్వాత అడిగాను. "ఎప్పుడు తెలిసింది?"

"ఎర్రకారు ఓనరు బయటి దేశం కెల్లి వచ్చినంక పాత చక్రాలు ఎక్కియ్యనీకి నన్నే పిలిచిండు. ఆయన తాన గదే పుస్తకం ఉండె. సదివిపిచ్చుకున్న. చుక్క ఈ దిక్కు, దాని మాట ఆ దిక్కు."

"నా కాగితం?"

"ఇంట్ల ఉన్నది. మీ రాత మంచిగుంటది సార్. ముత్యాల లెక్క."

"మరి ఎవరికీ ఎందుకు చూపించలేదు ఉస్తాద్?"

అతను చేతిలోని గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"ఎవలికి చూపెట్టాలె సార్? పేపరోల్లకా?"

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది. చాయ్ వచ్చింది, తాగాం. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను. అతను చేయి అడ్డం పెట్టాడు.

"పిండి నాకు ముందే చెప్పింది. దాని మాట ఇనక కాగితం మాట ఇన్న. గది నా తప్పు, మీ మీద ఎయ్య. మీది మీరే చూసుకోండ్రి."

తర్వాత లేచి గిన్నెలోంచి పిండి తీసి మడ్‌గార్డు లోపల అంటించాడు. చక్రం బిగించాడు. తిరిగొచ్చిన కుర్రాణ్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టాడు. చుట్టూ చూశాడు.

"బస్తాలు చిరిగినయి. సార్, జర బానెట్ మీద కూసుంటరా? ఎడమ దిక్కు. బరువు కావాలె."

కూర్చున్నాను.

"ఇంకింత ముంగటికి."

జరిగాను. నా కింద కారు కుంగింది. స్టీరింగ్ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా తిరిగింది. నేను రేకు వైపు చెవి పెట్టి వింటున్నాను. గీకుడు లేదు. ఉస్తాద్ వంగి పిండి ఊడదీసి, వేళ్ల మధ్య పట్టుకుని, ఎండకు ఎత్తి చూశాడు. వెలుతురు అవతలికి రాలేదు. రొట్టె మందం ఉంది. దాన్ని తెచ్చి నా అరచేతిలో పెట్టాడు.

"వేలు పెట్టి చూసుకోండ్రి. పుస్తకం ఒప్పుకున్నది, పిండి ఒప్పుకున్నది." చేతులు తుడుచుకున్నాడు. "అయిపోయింది సార్. ఇగ దిగుండ్రి."

నేను వెంటనే దిగలేకపోయాను.